చెమటకు ఊడిపోతున్న షుగర్ సెన్సర్: ఆటలాడేవాళ్ళు ఎలా నిలబెట్టుకుంటున్నారు?

షటిల్_శీను
నాకు టైప్ 2, రాత్రి పూట ఇన్సులిన్ కూడా ఉంది. డాక్టరు గారు చెప్పారని జబ్బకి అతికించుకుని ఎప్పటికప్పుడు ఫోన్‌లో షుగర్ చూసుకునే సెన్సర్ మొదలుపెట్టాను, 14 రోజుల రకం. ఆ 14 రోజులు డబ్బా మీదే. నా చేతి మీద మాత్రం వారం తిరిగేసరికి అంచు లేస్తుంది, తర్వాత ఏదో ఒక పూట చొక్కా విప్పుతుంటే చొక్కాతోపాటే వచ్చేస్తుంది. పొద్దున్న షటిల్, సాయంత్రం బీచ్ రోడ్డులో పరుగు. మన విశాఖ ఉక్కపోత సంగతి మీకు చెప్పక్కర్లేదు, రెండో గేమ్‌కే బనియన్ పిండుకోవాలి. ఒక్కోటీ వేలు పోసి కొంటున్నది. ఆట మానెయ్యమని మా ఇంట్లో సలహా. ఆట మానేస్తే షుగర్ ఎంతుంటుందో సెన్సర్ లేకుండానే చెప్పగలను. ఇక్కడ ఆడేవాళ్ళు, పరుగెత్తేవాళ్ళు, ఈదేవాళ్ళు ఎలా నెట్టుకొస్తున్నారు?

బీచ్‌రోడ్డు_బాబ్జీ
ఫెవిక్విక్. ఒక్క చుక్క చాలు.

నర్సు_అక్క
బాబ్జీ గారూ, సరదాకి కూడా అలా రాయకండి, చదివి చేసేవాళ్ళుంటారు. ఆ జిగురు చర్మాన్ని కాలుస్తుంది, ఊడదీస్తే తోలుతో సహా వస్తుంది.

శీను గారూ, టేపుల సంగతి తర్వాత. ముందు ఇవి చెప్పండి. పెట్టుకునేది ఏ టైముకి? చేతికి నూనె, క్రీము, పౌడరు ఏమైనా రాస్తారా? వెంట్రుకలు ఎక్కువా?

బీచ్‌రోడ్డు_బాబ్జీ
లెంపలేసుకున్నా అక్కా.

షటిల్_శీను
ఆడి ఇంటికొచ్చి, స్నానం చేసి పెడతానండి. డబ్బాలో ఇచ్చిన స్పిరిట్ స్వాబ్‌తో తుడుస్తాను. స్నానం ముందు కొబ్బరినూనె చిన్నప్పటి అలవాటు. వెంట్రుకలు ఉన్నాయి, కానీ ఎలుగుబంటి టైపు కాదు.

నర్సు_అక్క
సగం సంగతి అక్కడే ఉంది. నూనె రాసి సబ్బుతో కడిగినా పల్చటి జిడ్డు పొర మిగులుతుంది. మనం వాడే స్నానం సబ్బులు, బాడీవాష్‌లు చాలావాటిలో చర్మం మెత్తగా ఉండటానికి ఏదో ఒకటి కలుపుతారు, అదీ మిగులుతుంది. స్పిరిట్ స్వాబ్ ఒక్క రుద్దుకి అదంతా పోదు. సెన్సర్ మార్చే రోజు ఆ చేతికి నూనె వద్దు. మాయిశ్చరైజర్ కలవని మామూలు సబ్బుతో కడిగి, పొడి తువ్వాలుతో ఒత్తి, ఆ తర్వాత స్పిరిట్. స్పిరిట్ పూర్తిగా ఆరాలి. తడి మీద పెడితే జిగురు పట్టదు, మంట కూడా పుడుతుంది. ఫ్యాను కింద నిలబడండి, నోటితో ఊదొద్దు.

ఇంకోటి. ఆడి వచ్చి స్నానం చేశాక కూడా ఒళ్ళు చల్లారదు, తుడిచిన చోటే మళ్ళీ చెమట ఊరుతుంది. మనకి మే నెలలో అయితే మరీను. అలాంటప్పుడు అతికిస్తే మొదటి నిమిషం నుంచీ అడుగున తేమే. రాత్రి భోజనాలయ్యాక, ఒళ్ళు స్థిమితపడ్డాక పెట్టుకోండి. ఈ జిగురు ఒత్తిడికి పట్టుకునే రకం, పెట్టగానే గట్టిపడదు, గంటలు గడిచేకొద్దీ పట్టు పెరుగుతుంది. పెట్టాక వేలితో అంచు చుట్టూ కాసేపు నొక్కి రుద్దండి, ఆ వేడికి బాగా అంటుకుంటుంది. తెల్లారి ఆటకి వెళ్ళేసరికి అది స్థిరపడి ఉంటుంది.

మధురవాడ_మాధవి
రాత్రి పూట పెట్టడం నేనూ అలవాటు చేసుకున్నాను. మొదటి గంట ఎలాగూ రీడింగ్ రాదు, ఆ గంట సీరియల్ చూస్తూ గడిపేయొచ్చు.

ఆడవాళ్ళకి ఇంకో తంటా ఉంది, ఎవరూ రాయరు. జాకెట్ చెయ్యి. పొట్టి చేతుల జాకెట్ అంచు సరిగ్గా సెన్సర్ మీదకి వస్తుంది. చెయ్యి ఎత్తి దించినప్పుడల్లా ఆ బిగువు అంచు సెన్సర్‌ని కింద నుంచి పైకి ఎగదోస్తుంది. నాకు ఊడినవన్నీ పెళ్ళిళ్ళలోనే ఊడాయి. ఇప్పుడు మోచేతుల జాకెట్లు కుట్టించుకుంటున్నాను, చేతులు అర అంగుళం వదులుగా. టైలర్‌కి కారణం చెప్పలేక చచ్చాను.

కోర్టు_కింగ్
కడగడం, ఆరబెట్టడం బానే ఉంది అక్కా, కానీ అది చెన్నై నుంచి ఇచ్ఛాపురం దాకా సముద్రం పక్కన ఉన్నవాళ్ళకి సరిపోదు. టేపు ఉండాల్సిందే. ఆటగాళ్ళు మోకాళ్ళకి, భుజాలకి వేసుకునే రంగుల సాగే టేపు ఉంటుంది చూడండి, కైనేషియాలజీ టేపు. నూలు గుడ్డ కాబట్టి చెమట ఆవిరవుతుంది, తడిసినా ఆరుతుంది. జబ్బకి సరిపడా ముక్క కోసి నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించాలి. మూల కోసుగా ఉంటే చొక్కాకి తగిలి అక్కణ్ణుంచే లేస్తుంది. మధ్యలో సాగదియ్యొచ్చు, చివర్లు మాత్రం సాగదీయకుండా పడుకోబెట్టాలి. చివర్లు లాగి అంటిస్తే రాత్రికే ముడుచుకుపోతుంది.

బి_షిఫ్ట్_బాబాయ్
నేను టేపు పార్టీ కాదు. స్టీల్‌ప్లాంట్‌లో వేడి దగ్గర పని, ఫుల్ చేతుల కాటన్ జాకెట్, ఎండాకాలం లోపల ఆవిరి ఇడ్లీ పాత్రే. టేపు వేసిన రోజుల్లో దాని కింద చెమట నిలిచి, చర్మం తెల్లగా నాని, సెన్సరూ టేపూ కలిసి ఒకే ముద్దగా వచ్చేసేవి. టేపు లేకుండానే ఇప్పుడు గడువు దాకా ఉంటోంది. నేను మార్చింది చోటు. జబ్బ వెనక అంటే అందరూ వెనకా పక్కా కలిసే చోట పెడతారు. అది తలుపు చట్రానికి తగిలే చోటు. ఇంకాస్త లోపలికి, అద్దంలో ఎదురుగా నిలబడితే కనపడనంత వెనక్కి పెట్టండి. నన్నడిగితే సెన్సర్లు సగం ఊడేది చెమటకి కాదు, తలుపులకి.

కోర్టు_కింగ్
బాబాయ్, నీ జాకెట్ కింద గాలి ఆడదు కాబట్టి టేపు నానింది. మేం స్లీవ్‌లెస్‌లో ఆడతాం. రెండూ ఒకటి కాదు.

బి_షిఫ్ట్_బాబాయ్
చెమట చెమటే కదా కింగూ. నీదేమన్నా పన్నీరా?

టైప్1_అమ్మ
మా వాడికి పదకొండేళ్ళు, టైప్ 1, స్కూల్లో కబడ్డీ పిచ్చి. కబడ్డీలో పట్టుకునేదే జబ్బ. తలుపుల మాట పక్కన పెట్టండి బాబాయ్ గారూ, ఇక్కడ ఎదుటి టీమ్ మొత్తం సెన్సర్ మీదే పడుతుంది. మా పద్ధతి రెండు పొరలు. ముందు చర్మం మీద బారియర్ వైప్, అంటే పల్చటి రక్షణ పొర వేసే తడి గుడ్డ, దానితో తుడుస్తాం, అది ఆరాక కొంచెం జిగటగా ఉంటుంది, దాని మీద సెన్సర్, పైన గుండ్రటి ప్యాచ్. ఆట రోజున ఆ పైన ఇంకో చుట్టు, తనకి తానే అంటుకునే కట్టు. దానికి జిగురు ఉండదు, పొరకి పొర పట్టుకుంటుంది, చర్మానికీ వెంట్రుకలకీ అంటదు. ఆట అవగానే విప్పేస్తాం.

ఆ కట్టు దగ్గర మాత్రం జాగ్రత్త. బిగించి చుడితే సెన్సర్ ఉన్న చోట ఒత్తిడి పడి, లేని ‘లో’ చూపిస్తుంది, అంటే షుగర్ పడిపోయినట్టు. ఓసారి 58 అని మోగితే పీఈటీ సారు వాడికి గ్లూకోజ్ పొడి కలిపి తాగించేశారు. వేలి మీద చూస్తే 140. కట్టు వదులు చేశాక కాసేపటికి సెన్సర్ కూడా దారికొచ్చింది. ఇద్దరం కలిసి ఆయనకి ఆ సంగతి చెప్పాం, ఇప్పుడు ముందు వేలి మీద చూస్తారు.

నర్సు_అక్క
అమ్మగారు చెప్పింది చాలామందికి తెలీదు. ఆ వైపే ఒత్తిగిలి పడుకున్నా అదే జరుగుతుంది. సెన్సర్ కొలిచేది రక్తంలో చక్కెరని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలోని చక్కెరని. నొక్కుడు పడితే అక్కడికి ద్రవం సరిగా అందదు, అంకె పడిపోతుంది. అర్ధరాత్రి ‘లో’ షుగర్ అలారం మోగితే లేచి పక్క మారి, వేలి మీద చూసుకోండి. ఒంట్లో నిజంగా వణుకు, చెమట ఉంటే మాత్రం పరీక్షల కోసం ఆగకుండా గ్లూకోజ్ తీసుకోండి.

బీచ్‌రోడ్డు_బాబ్జీ
షటిల్ ఆడేటప్పుడు వణుకూ చెమటా ఎప్పుడూ ఉంటాయి మాకు. ముఖ్యంగా ఓడిపోతుంటే.

షటిల్_శీను
నవ్వించకండి. వెంట్రుకల మాట ఎవరూ చెప్పలేదు. గీయాలా వద్దా?

కోర్టు_కింగ్
గీసెయ్.

పెందుర్తి_పెద్దాయన
గీయకు నాయనా. బ్లేడు గాటు మీద జిగురు పడితే చురచురలాడి, దద్దుర్లు వచ్చి నెల బాధపడ్డాను. కత్తెరతో దగ్గరగా కత్తిరించుకుంటే చాలు.

ఋషికొండ_అల
ట్రిమ్మర్. సమస్య తీరింది. ముందు రోజే చేసుకోండి, పెట్టే రోజు కాదు.

నేను సర్ఫింగ్ చేస్తాను కాబట్టి నీళ్ళ సంగతి నాకు వదిలేయండి. లిబ్రే 2 లాంటి సెన్సర్లు కాగితం మీద 1 మీటరు లోతు, 30 నిమిషాల దాకా తట్టుకుంటాయని ఉంటుంది. స్విమ్మింగ్ పూల్‌లో అది నడుస్తుంది. సముద్రంలో లోతు కాదు ఇబ్బంది, అల కొట్టే దెబ్బ, ఇసుక. అల బోర్డు మీద నుంచి పడేసినప్పుడు నీళ్ళు అంచు కిందకి దూరతాయి, ఇసుక గీకుతుంది. నేను పల్చటి ఫుల్ చేతుల లైక్రా చొక్కా వేసుకుంటాను, ఎండకి కూడా పనికొస్తుంది. ఆ చొక్కా విప్పేటప్పుడు తలమీంచి లాగకుండా ముందు సెన్సర్ లేని చెయ్యి తీసి, తర్వాత రెండో చెయ్యి అరచెయ్యి వైపు నుంచి మెల్లగా లాగాలి. శీను భయ్యా, నీ చొక్కా సమస్యకి కూడా ఇదే మందు. తడి చొక్కా విప్పేటప్పుడు నాలుగు వేళ్ళు సెన్సర్ మీద కప్పి పట్టుకో.

ఇంకా, సన్‌స్క్రీన్ రాసిన చేత్తో సెన్సర్ ముట్టుకోవద్దు. అదీ నూనే.

కొండగుర్తు
నీళ్ళల్లో ఉండగా ఫోన్‌కి రీడింగ్ రాదు కదా? అంతసేపు డేటా పోతుందా?

ఋషికొండ_అల
పోదు. ఫోన్‌కి దూరంగా ఉన్నా, నీళ్ళలో ఉన్నా సెన్సర్ తనలో దాచుకుంటుంది. లిబ్రే 8 గంటల దాకా దాస్తుంది. ఒడ్డుకొచ్చి కలిపితే గీత నిండిపోతుంది. అలారం మాత్రం ఆ సేపు రాదు, అది గుర్తుంచుకుని నీళ్ళలో దిగాలి. నేను దిగేముందు అంకెతోపాటు, షుగర్ పెరుగుతోందా తగ్గుతోందా చెప్పే బాణం ఎటు చూస్తోందో కూడా చూస్తాను. కిందకి చూస్తుంటే అరటిపండు తిని కూర్చుంటాను.

పెందుర్తి_పెద్దాయన
ఆర్కే బీచ్‌లో మాత్రం ఎవరూ ఈతకి దిగకండి, సెన్సర్ ఉన్నా లేకపోయినా. అక్కడ లోపలికి లాగే నీరు. ప్రతి ఏడూ పేపర్లో చదువుతూనే ఉన్నాం.

చోడి_అంబలి
ఓలమ్మ, ఇన్ని తంటాలా. మాయమ్మకి సెన్సర్ పెట్టించినాను, ఆవిడ ఏ ఆటా ఆడదు, కళ్ళాపి జల్లి ముగ్గు పెడతాది అంతే. అయినా ఊడిపోనాది. ఏటో అనుకుంటే ఆదివారం నువ్వులనూనె పట్టించి తలంటు పోసుకున్నాదట. "ఆ బిళ్ళకి కూడా నూనె రాసినానురా, తుప్పు పట్టకుండా" అని చెప్పింది.

బీచ్‌రోడ్డు_బాబ్జీ
పెద్దావిడకి దండం. సర్వీసింగ్ చేయించారన్నమాట.

కొండగుర్తు
నాది వేరే అనుభవం. సింహాచలం గిరిప్రదక్షిణ. ఆషాఢంలో, 32 కిలోమీటర్లు, మధ్యలో వాన, తర్వాత ఉక్క. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరేటప్పుడు సెన్సర్ బాగానే ఉంది. హనుమంతవాక దాటేసరికి పై అంచు లేచింది. రద్దీలో బ్యాగు పట్టీ భుజం మీంచి జారి జారి దాన్ని రాస్తోంది, నేను చూసుకోలేదు. దారిలో మెడికల్ షాపులో టెగాడెర్మ్ అడిగాను, సెలైన్ ఎక్కించే సూది మీద వేసే పారదర్శకపు పొర. నీళ్ళు బయటి నుంచి లోపలికి పోవు, లోపలి ఆవిరి కొంత బయటికి పోతుంది. రోడ్డు పక్కన అరుగు మీద కూర్చుని, చెమట తుడుచుకుని, విసనకర్రతో ఆరబెట్టి అతికించాను. కొండ చుట్టి వచ్చేదాకా కదల్లేదు. ఇప్పుడు ఎక్కడికెళ్ళినా పర్సులో ఒకటి ఉంటుంది.

కోర్టు_కింగ్
టెగాడెర్మ్ నాకు పడలేదు. ఆడేటప్పుడు దాని కింద బుడగలు కట్టింది. ఆవిరి పోతుంది నిజమే, మన చెమట వేగానికి అది సరిపోదు. నడకకి ఓకే, ఆటకి గుడ్డ టేపే.

కొండగుర్తు
అది ఒప్పుకుంటా. నాది నడక కేసు.

డబ్బా_చదివేవాడు
టేపుల గోలలో ఒక ముఖ్యమైన విషయం వదిలేశారు. కొన్ని సెన్సర్లకి నడిమధ్యలో చిన్న రంధ్రం ఉంటుంది. దాన్ని మూయొద్దని కంపెనీ కాగితంలోనే ఉంటుంది. టేపు గానీ టెగాడెర్మ్ గానీ వేస్తే ఆ చోట ముందే కన్నం చేసుకుని వెయ్యండి. కాగితాలకి కన్నాలు వేసే కుంకుడు గిల్లుడు యంత్రం, అదే ఆఫీసు పంచింగ్ మిషన్, దానితో కన్నం నీటుగా పడుతుంది.

బీచ్‌రోడ్డు_బాబ్జీ
కుంకుడు గిల్లుడు యంత్రమా? ఆ పేరు ఎక్కడ దొరికింది సారూ?

డబ్బా_చదివేవాడు
మా తాతగారు అనేవారు. విషయం చదవండి, పేర్లు కాదు.

మధురవాడ_మాధవి
నా ప్యాచ్‌లు ఆన్‌లైన్‌లో కొన్నవి, మధ్యలో గుండ్రంగా ఖాళీ వదిలి వస్తాయి. చుట్టూ మాత్రమే అంటుతుంది, సెన్సర్ బయటికి కనిపిస్తూ ఉంటుంది. సెన్సర్ మీద జిగురు పడదు కాబట్టి ప్యాచ్ మార్చేటప్పుడు సెన్సర్ లేచి రాదు. నిండుగా కప్పేవి వాడితే ఆ భయం ఉంటుంది.

షటిల్_శీను
అంచు ఇప్పటికే లేచిన దాని సంగతేంటి? ఇవాళ పొద్దున్న ఆడి వచ్చాను, కింద వైపు గోరంత లేచింది. రీడింగ్ వస్తోంది.

నర్సు_అక్క
లేచిన అంచుని పీకొద్దు. వేలాడే ముక్క ఉంటే చిన్న కత్తెరతో కత్తిరించండి, లేకపోతే అదే చొక్కాకి తగులుకుంటూ మిగతాదాన్ని లాగుతుంది. అంచు కింద చెమట దూదితో అద్ది, చుట్టూ చర్మం మాత్రం స్పిరిట్‌తో తుడిచి, ఆరాక చుట్టూ టేపు. సెన్సర్ కిందకి స్పిరిట్ పోనివ్వొద్దు.

సెన్సరే చర్మం నుంచి ఎత్తుకుని, అడుగున తీగ బయటికి కనిపిస్తే మాత్రం దాన్ని మళ్ళీ లోపలికి నొక్కకండి. అది సుమారు 5 మిల్లీమీటర్ల పొడవున్న సన్నటి తంతువు, వంగిపోతుంది, లోపల ఇన్‌ఫెక్షన్ రావచ్చు. తీసేసి కొత్తది పెట్టుకోవడమే. అంకెలు ఒంట్లో ఎలా ఉందో దానికి పొంతన లేకుండా వస్తుంటే తంతువు కదిలిందేమో అని అనుమానించి వేలి మీద చూసుకోండి.

బి_షిఫ్ట్_బాబాయ్
ఊడినదాన్ని చెత్తలో పడేయొద్దు శీనూ. డబ్బా, నంబరు, ఫోటో తీసి కస్టమర్ కేర్‌కి ఫోన్ చెయ్యి. నాకు ఒకసారి మారుస్తామన్నారు, ఇంకోసారి సవాలక్ష ప్రశ్నలు వేసి కుదరదన్నారు. అడిగితే పోయేదేముంది. ఫోన్ అవతల అమ్మాయి "సార్, మీరు ఏమైనా భారీ పనులు చేస్తారా" అని అడిగింది. బ్లాస్ట్ ఫర్నేస్ అన్నాను.

గాజువాక_గాలి
దద్దుర్ల గురించి ఎవరూ అడగట్లేదు. నాకు సెన్సర్ తీసేసరికి దాని సైజుకి సరిగ్గా ఎర్రటి వృత్తం, నీటి పొక్కులు, వారాల తరబడి దురద. ఇప్పుడు కుడి ఎడమ రెండు చేతులా మచ్చలే. ఊడిపోవడం నా సమస్య కాదు, ఒంటి మీద ఉంచుకోలేకపోవడం.

పెందుర్తి_పెద్దాయన
అది చెమటకాయ కాదూ?

గాజువాక_గాలి
చెమటకాయ అయితే సెన్సర్ గీసినంత గుండ్రంగా ఎందుకుంటుంది పెద్దాయనా.

చర్మం_డాక్టరమ్మ
చూడకుండా నిర్ధారణ చెప్పను. కానీ మీరు రాసిన తీరు, అంటే సరిగ్గా సెన్సర్ ఆకారంలో రావడం, తీసేశాక కూడా వారాల తరబడి తగ్గకపోవడం, ఇవి మామూలు ఒరిపిడి కన్నా అలర్జీ వైపు చూపిస్తాయి. 2017లో బెల్జియం, స్వీడన్ వైద్యులు ఇలాంటి కేసుల మీద ఒక వ్యాసం రాశారు. అప్పటి ఒక సెన్సర్‌లో ఐసోబోర్నిల్ అక్రిలేట్ అనే పదార్థం కారణమని తేల్చారు. అది ప్లాస్టిక్ డొప్ప అతికే చోట ఉండి, మెల్లగా చర్మానికి చేరింది. చాలామంది అది జిగురు అలర్జీ అనుకుంటారు, సెన్సర్ తయారీలోని ఇతర పదార్థాలు కూడా కావచ్చు. పక్కా చెప్పాలంటే ప్యాచ్ టెస్ట్, అంటే అనుమానం ఉన్న పదార్థాలు కొంచెం కొంచెం చర్మానికి అంటించి చూసే పరీక్ష, చేయించుకోవాలి.

అప్పటిదాకా: అదే చోట మళ్ళీ పెట్టొద్దు, పొక్కులు మానకుండా అసలే వద్దు. బారియర్ ఫిల్మ్ కొందరికి మేలు చేస్తుంది, గట్టి అలర్జీకి అది అడ్డుపడదు. ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాసి దాని మీద సెన్సర్ పెట్టే పని చేయకండి, జిడ్డుకి ఊడుతుంది, చర్మం పల్చబడుతుంది. వేరే రకం సెన్సర్ మీకు పడొచ్చు, మీ షుగర్ డాక్టరుతో మాట్లాడండి.

గాజువాక_గాలి
ధన్యవాదాలు డాక్టరమ్మా. ప్యాచ్ టెస్ట్ అని ఇంతవరకూ ఎవరూ అనలేదు. "పౌడర్ రాసుకో" అన్నారు.

నర్సు_అక్క
పౌడర్ రాస్తే జిగురు పౌడర్‌కి అంటుకుంటుంది, చర్మానికి కాదు. అది మాత్రం ఎవరూ చేయకండి.

కోర్టు_కింగ్
చెమట తగ్గడానికి డియోడరెంట్ స్ప్రే చేసుకోవాలని రన్నింగ్ గ్రూపులో ఒకాయన అంటున్నాడు. సెన్సర్ పెట్టే చోటే. నిజమా?

ఋషికొండ_అల
వాసన డియోడరెంట్ కాదు, చెమట ఆపే యాంటీపెర్స్పిరెంట్. సువాసన లేనిది. బయట దేశాల వాళ్ళు అది రాసి, ఆరాక, పొడి గుడ్డతో తుడిచి పెడతారు. నాకు పెద్దగా తేడా తెలియలేదు.

నర్సు_అక్క
చేస్తే చుట్టూ టేపు పడే చోట చేసుకోండి. తంతువు దిగే మధ్య భాగం శుభ్రంగా ఉండాలి. చర్మం సున్నితమైతే అసలొద్దు.

టైప్1_అమ్మ
పొట్ట మీద పెట్టుకునే రకం మా మరదలి కొడుక్కి ఉంది, హైదరాబాద్‌లో. కబడ్డీకి అదే నయమని అంటోంది. మారమంటారా?

చర్మం_డాక్టరమ్మ
ఒక్కో సెన్సర్‌కి ఒక్కో చోటు పరీక్షించి ఆమోదం ఇస్తారు. జబ్బకి చెప్పినదాన్ని పొట్ట మీద పెడితే అంకెలకి పూచీ ఉండదు. వేరే సెన్సర్ మారాలనుకుంటే అది డాక్టరుతో తేల్చుకోవాల్సిన విషయం. మచ్చలు, పుట్టుమచ్చలు, ఇన్సులిన్ గుచ్చి గడ్డలు కట్టిన చోట్లు ఏ రకానికైనా పనికిరావు.

షటిల్_శీను
నాది కుడిచేతి వాటం, సెన్సర్ కుడి జబ్బకే పెడుతున్నాను, స్మాష్ కొట్టేది ఆ చేత్తోనే. ఎడమకి మారితే?

కోర్టు_కింగ్
ఇన్ని పోస్టులయ్యాక ఇప్పుడు చెబుతున్నావా గురూ! స్మాష్‌కి జబ్బ వెనక చర్మం ఎంత సాగుతుందో చేత్తో పట్టుకుని చూడు. ఎడమకి మార్చు. చెయ్యి పూర్తిగా పైకెత్తి చూసి, చర్మం తక్కువ కదిలే చోటు చూసుకుని గుర్తు పెట్టుకో.

పెందుర్తి_పెద్దాయన
ఎప్పుడూ ఎడమే అంటే ఆ చర్మానికి విశ్రాంతి ఉండదు కదా.

బి_షిఫ్ట్_బాబాయ్
ఎడమలోనే పైకీ కిందకీ రెండు మూడు చోట్లు తిప్పుకోవచ్చు పెద్దాయనా. పాత చోటికి ఓ అంగుళానికి పైగా దూరంలో. టోర్నమెంట్ లేని వారాల్లో కుడికి మారు.

కోర్టు_కింగ్
బాబాయ్‌తో మొదటిసారి ఏకీభవిస్తున్నాను, ఎవరైనా స్క్రీన్‌షాట్ తీయండి.

కొత్త_సభ్యుడు_మర్రిపాలెం
ఇప్పుడే చేరాను, అంతా చదివాను. నాకు ఒక్కటే అడగాలి. ఇన్ని పొరలు వేశాక 14వ రోజు తీయడం ఎలా? నిన్న తీస్తుంటే వెంట్రుకలు, చర్మం, ప్రాణం మూడూ కలిసి వచ్చాయి.

చోడి_అంబలి
ఇక్కడ మాయమ్మ పద్ధతి పనికొస్తాది! నూనె. టేపు అంచు మీద కొబ్బరినూనె రాసి కాసేపు వొగ్గేయండి.

నర్సు_అక్క
ఆవిడ చేసింది తప్పు రోజున ఒప్పు పని. అంచు కొంచెం లేపి, ఆ కిందకి దూదితో నూనె పట్టించి, టేపుని పైకి లాగకుండా చర్మానికి సమాంతరంగా వెనక్కి మడుస్తూ పొండి. రెండో చేతి వేలితో చర్మాన్ని నొక్కి పట్టుకోవాలి. సెన్సర్ వచ్చాక ఆ చోటు సబ్బుతో బాగా కడగండి. కొత్తది మాత్రం అదే పూట అదే చేతికి పెట్టొద్దు, రెండో చేతికి పెట్టుకోండి.

కొత్త_సభ్యుడు_మర్రిపాలెం
రెండో చేతికి నూనె అంటకుండా ఎలా?

నర్సు_అక్క
ఇంకొకళ్ళ చేత తీయించుకోండి.